తుండు వాలే చోటు

మొన్న ఆదివారం పుదుచ్చేరి పెద్ద మార్కెట్లో పూల కొట్టు ముందు నిలబడి ఉన్నాను. ఉక్కగా ఉందని కొట్టతను పెడస్టల్ ఫ్యాను మొహం నా వైపు తిప్పాడు. నాకు హాయిగానే ఉంది. నా వెనకాల బుట్టలో విడి రేకులు పెట్టుకుని కూర్చున్న పెద్దావిడకు మాత్రం ఆ పూట వ్యాపారం గాలిలోకి లేచిపోయింది. కొన్ని రోజా రేకులు ఎవరిదో స్కూటరు సీటు మీద వాలాయి, కొన్ని ఒక కానిస్టేబుల్ టోపీ మీద. పక్క కొట్టు జనరేటరు నుంచి కాలిన కిరోసిన్ వాసన కూడా ఆ గాలిలో కలిసి వచ్చింది. "వెనకాల ఎవురుండారో చూసి తిప్పప్పా" అని నా నోట్లోంచి వచ్చేసింది. తెలుగులో అన్నాను కాబట్టి తమిళం తప్ప రాని కొట్టతనికి అర్థం కాలేదు. నా మొహం చూసి ఫ్యాను ఆపేశాడు. పెద్దావిడతో కలిసి రేకులు ఏరుతుంటే తెలిసింది, ఆ మాట నాది కాదని. ఆ గాలి, ఆ వాసన, ఆ పూలు మూడూ ఒక్కసారి తగిలేసరికి నా గురువు కెప్టెన్ వి. జనార్దన రెడ్డియార్ నా గొంతు అరువు తీసుకుని మాట్లాడారు. ఆయన క్షేమంగానే ఉన్నారు. ఊరి పక్క విల్లియనూరులో కొబ్బరి తోటకు నీళ్ళు పెట్టుకుంటున్నారు. మన గొంతులోంచి మాట్లాడడానికి మనుషులు పోయి ఉండాలన్న నియమం ఏమీ లేదు.

నేను పైలట్‌ని. నడిపేది జెట్ కాదు, టర్బోప్రాప్. ఈ మాట చెప్పగానే పెళ్ళిళ్ళలో బంధువులు "ఓహో, ఫ్యాను విమానమా" అంటారు. అవును, ఫ్యాను విమానమే. రెక్కకొక ఫ్యాను, వెనకాల కాలిన కిరోసిన్ వాసన, లోపల డెబ్భై మంది దాకా జనం. మా పుదుచ్చేరి రన్‌వేకి అంతకన్నా పెద్దది పట్టదు, ఊరికి అంతకన్నా పెద్దది అవసరమూ లేదు. మా నాన్నకు బజారులో స్టీలు పాత్రల కొట్టు. ఇంట్లో తెలుగే మాట్లాడతాం. అది తెలుగేనని ఆంధ్రా నుంచి వచ్చినవాళ్ళు ఒప్పుకోవడానికి కాస్త సమయం పడుతుంది. చదవడం, రాయడం హైదరాబాదులో కాలేజీ రోజుల్లో సిటీ బస్సుల బోర్డులు చూసి నేర్చుకున్నాను. ఇందులో తప్పులుంటే బాధ్యత బస్సులదే. జనార్దనం సార్‌కి తెలుగు మాట్లాడడమే తప్ప చదవడం రాదు. ఆయన గురించి ఇంత ధైర్యంగా రాయడానికి అదొక్కటే కారణం.

పైలట్ల గురించి బయటివాళ్ళకు తెలియని సంగతి ఒకటుంది. కో-పైలట్‌గా ఉన్నన్నాళ్ళూ మాకు నడక రాదు. విమానం నేల మీద తన ఇంజన్లతో తాను నడవడాన్ని టాక్సీ అంటారు. ముక్కు కింది చక్రాన్ని తిప్పే చిన్న స్టీరింగు మా విమానంలో ఎడమ పక్కన, కెప్టెన్ సీటు దగ్గరే ఉంటుంది. కుడి పక్కన కూర్చునే కో-పైలట్ మేఘాలు దాటించగలడు, గాలివానలో దించగలడు. దిగాక మాత్రం కెప్టెన్ ఎటు తీసుకెళ్తే అటు వెళ్ళాలి. కాబట్టి ఏళ్ళ తరబడి ఎగిరిన మనిషిని కెప్టెన్ చేయాలంటే ఎడమ సీట్లో కూర్చోబెట్టి, ఏడాది పిల్లవాడికి నేర్పినట్టు నడక నేర్పాలి. కెప్టెన్ కావడానికి నాకు పెట్టిన మొదటి పరీక్షలో, ఆకాశంలో చాలా బాగా చేశానని పరీక్షకుడు మెచ్చుకున్నాడు. నేల మీద సంగతి ఆయన చెప్పనక్కర్లేకపోయింది. జనం చూశారు.

మా ఊళ్ళో విమానాన్ని వెనక్కి నెట్టే పద్ధతి లేదు. వచ్చిన విమానం ఏప్రన్ మీద, అంటే విమానాలు నిలిపే సిమెంటు చప్టా మీద, తనంతట తానే గుండ్రంగా తిరిగి, మళ్ళీ వెళ్ళే దారికి మొహం పెట్టి ఆగాలి. అలా తిరిగేటప్పుడు తోక, దాని వెనకాల ఫ్యాన్ల గాలి టెర్మినల్ వైపంతా ఊడ్చుకుంటూ పోతాయి. ఆ రోజు చినుకులు పడుతున్నాయి. ఇంకో విమానం ఎక్కాల్సిన ప్రయాణికులు కంపెనీ ఇచ్చిన గొడుగులు పట్టుకుని వరసగా నడుస్తున్నారు. మలుపు చిన్నదని బయటి వైపు ఇంజనుకు కాస్త ఎక్కువ పవర్ ఇచ్చాను. గొడుగులన్నీ ఒకేసారి తామర పూలలా పైకి విచ్చుకున్నాయి. దెబ్బలెవరికీ తగల్లేదు. ఒక స్వీట్ల డబ్బా మాత్రం యజమానిని వదిలి కంచె దాకా వెళ్ళింది.

పరీక్ష తప్పాను. ఇంకొక్కసారి తప్పితే మళ్ళీ కుడి సీటే, అదీ మా ఊళ్ళో కాదు, ఉత్తరాన ఎక్కడో. మా ఆవిడ విజయకు ఇక్కడే బ్యాంకులో ఉద్యోగం. మా పాప అప్పుడే బోర్లా పడుతోంది. "పాప నడిచేలోపల నువ్వూ నడుస్తావా?" అని విజయ మామూలుగానే అడిగింది. ఆమె మామూలుగా అడిగినప్పుడే నాకు భయం. నన్ను బాగుచేసే పని కంపెనీ జనార్దనం సార్‌కి అప్పగించింది. ఆయన రిటైర్మెంటు అప్పటికే దగ్గర పడింది. పొట్టి మనిషి, దువ్విన తెల్ల మీసం, బ్యాగులో ఎప్పుడూ మడత పెట్టిన ఒక నేత తుండుగుడ్డ. ఆయన టాక్సీ చేస్తుంటే విమానం కదులుతోందని ప్రయాణికులు కిటికీలోంచి చూసి నిర్ధారించుకోవాలని మా వాళ్ళు నవ్వుకునేవాళ్ళు.

మొదటి రోజు ఆయన నన్ను విమానం ఎక్కనివ్వలేదు. ఇద్దరం దూరానికి కనబడే పసుపు సేఫ్టీ జాకెట్లు వేసుకుని ఏప్రన్ చివర నిలబడ్డాం. దూరంగా మా కంపెనీ విమానం ఒకటి బయలుదేరబోతోంది, ఫ్యాన్లు తిరుగుతున్నాయి. ఆయన తుండు తీసి నా చేతిలో పెట్టారు.

"రెండు కొనలూ పట్టుకో తంబీ. దాని తోక వైపు మొహం పెట్టి నిలబడు."

"ఎందుకు సార్?"

"ఉతికిన తుండు. ఆరబెడదామని."

చెవులకు మూతలు పెట్టుకున్నాం. తుండు నా చేతుల్లో జెండాలా లేచి, నా మొహాన్ని రెండు మూడుసార్లు శుభ్రంగా తుడిచింది. ఆయన వెనక్కి రమ్మని సైగ చేశారు. కొంచెం వెనక్కి నడిచాను, ఇంకా కొట్టుకుంటోంది. ఇంకా వెనక్కి, ఇంకా వెనక్కి. సామాను ఎక్కించేవాళ్ళు టీ తాగే చోటు దాకా వచ్చాక తుండు అంచులు ఆగి, మెల్లగా వాలింది. విమానం వెళ్ళిపోయాక ఆయన చెవి మూతలు తీసి అడిగారు.

"నీ విమానం యాడ ముగుస్తాది?"

"తోక దగ్గర సార్."

"కాదు. తుండు యాడ వాలిందో ఆడ. అంతవరకూ నీ విమానమే. అందులో ఎవురుండారో తెలుసుకోకుండా తిప్పబాకు."

"ఆ రోజు ముందు నిలబడి దారి చూపే మార్షలర్ రమ్మన్నాడు సార్," అన్నాను. పరీక్ష తప్పినప్పటి నుంచీ నేను దాచుకున్న ఒకే ఒక ఆయుధం అది.

"ఆయప్పకు నీ ముక్కు కనపడతాది. అదీ ఏమంత అందంగా లేదు. వెనకాలదంతా నీ పూచీ."

ఆ పైన పాఠం ప్రతిరోజూ విమానంలోనే జరిగింది, ఒక్క రోజు తప్ప. ఆ రోజు విల్లియనూరు వెళ్ళే టౌను బస్సెక్కించారు. సీట్లన్నీ ఖాళీగా ఉండగా ఆయన పోయి చివరి వరసలో కూర్చున్నారు. నేను ముందుకు వెళ్ళబోయాను. యూనిఫారం లేనప్పుడు ఆయన్ని మామా అని పిలిచేవాణ్ణి. ఆయన పెట్టిన నియమమే అది, కాక్‌పిట్‌లో సార్, రోడ్డు మీద మామ.

"యాడికి పోతా? ఇట్రా."

"వెనకాల ఎగరేస్తాది మామా."

"దానికే కదా టిక్కెట్టు తీసింది. ముందు కూచుంటే రోడ్డు కనపడతాది. వెనక కూచుంటే డ్రైవరు కనపడతాడు."

నిజానికి అక్కడి నుంచి డ్రైవరు వీపు కూడా కనబడదు. కానీ ప్రతి మలుపులో వెనక చక్రాలు ముందు చక్రాల దారి వదిలేసి లోపలికి కోసుకుపోవడం నేను కూర్చున్న చోట తెలిసింది. బ్రేకు పడ్డప్పుడల్లా డ్రైవరు తొందర ఎంతటిదో నా పళ్ళకు తెలిసింది. మామ కళ్ళు మూసుకుని వ్యాఖ్యానం చెబుతున్నారు. "ఇప్పుడు ఎవుర్నో తిట్టినాడు. ఇప్పుడు ఫోను మోగింది. ఇప్పుడు ఇంట్లో మాట గుర్తొచ్చింది, చూడు, క్లచ్చు తొక్కిన తీరు." కండక్టరు మమ్మల్ని చూసి నవ్వి, "ఏం కెప్టెన్ సార్, మళ్ళీ ఒక స్టూడెంటా?" అని తమిళంలో అడిగాడు. "ఇంత మంచి క్లాసురూము నాకు ఇంకెక్కడ దొరుకుతుంది" అని ఆయన కూడా తమిళంలోనే అన్నారు. కండక్టరు పొగడ్త అనుకుని సంతోషించాడు. దిగేటప్పుడు మామ నా భుజం తట్టారు. "నీ చివరి సీటులో కూచున్నోళ్ళకి నీ ఇంటి గొడవ తెలియకూడదు. పొరుమగా పో." పొరుమ అంటే ఓర్పు, ఆయన తెలుగులో ఆ మాటకు తెలుగు మాట లేదు.

ఆయన నేర్పిన విద్య వినడానికి చాలా చిన్నది. కదలడానికి కావలసినంత పవర్ ఇచ్చి, కదిలీ కదలగానే తీసేయాలి. వేగం పెరిగితే బ్రేకు తొక్కే ముందు ప్రొపెల్లర్ రెక్కల కోణం తగ్గించాలి. ఏ రెక్కలు తోశాయో అవే పట్టుకుంటాయి. ఆగి ఉన్న చక్రాన్ని తిప్పకూడదు, కదులుతున్నప్పుడే తిప్పాలి. చిన్న మలుపు మధ్యలో ఆగకూడదు, ఎందుకంటే ఆగిన బరువును మళ్ళీ కదిలించాలంటే ఇంకా ఎక్కువ పవర్ కావాలి, అప్పుడు వెనకాల తుపానే. ఆగేదుంటే మలుపుకు ముందే ఆగాలి. "వీరాంపట్టినం తేరు చూసుండావు కదా," అనేవారు, మా ఊరి పక్కన జరిగే రథోత్సవం గుర్తు చేస్తూ. "తాళ్ళు పట్టి లాగేవాళ్ళు వందలమంది. చక్రం కింద కట్టె పెట్టి మలుపు తిప్పేవాడు ఒక్కడు. వాడు ఏ పొద్దైనా పరిగెత్తినాడా?"

నేను ఎడమ సీట్లో, ఆయన కుడి సీట్లో. చక్రాలకు అడ్డం పెట్టిన దిమ్మలు తీయగానే ఆయన రెండు అరచేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చునేవారు. మొదట చలి అనుకున్నాను. పుదుచ్చేరిలో, మే నెలలో.

"చేతులు నొప్పా సార్?"

"లేదు తంబీ, వాటికి పొరుమ లేదు. నువ్వు తప్పు చేసేలోపలే లీవర్ల మీదికి పోతాయి. అప్పుడు తప్పు నీది కాకుండా పోతాది. దిద్దుకోవడమూ నీది కాకుండా పోతాది."

నిజంగా ప్రమాదం అయితే ఆ చేతులు రెప్పపాటులో బయటికి వస్తాయని అందరికీ తెలుసు. నాతో ఒక్కసారీ రాలేదని రాయాలని ఉంది. రెండు మూడుసార్లు వచ్చాయి. దిగాక ఆయన అరచేతుల్లో సీటు గుడ్డ నేత గళ్ళు గళ్ళుగా అచ్చుపడి ఉండేది. ఆ గళ్ళ లోతు చూసి ఆ రోజు నేను ఎంత బాగా చేశానో లెక్క వేసుకునేవాణ్ణి.

నా రెండో పరీక్ష, ఆయన ఆఖరి ప్రయాణం ఒకే రోజు పడ్డాయి. కంపెనీ ఏదీ దండగ పోనివ్వదు. హైదరాబాదు నుంచి మా ఊరికి మధ్యాహ్నపు విమానం. నేను కెప్టెన్ సీట్లో, ఆయన కుడి పక్కన పరీక్షకుడిగా. దించడం నాకే ఆశ్చర్యం కలిగించేంత మెత్తగా దించాను. రన్‌వే వదిలి ఏప్రన్ వైపు తిరిగేసరికి ఎదురుగా ఒక ఊరేగింపు నిలబడి ఉంది.

మా స్టేషన్ మేనేజరు గుణశేఖరన్‌ది పెద్ద మనసు. పెద్ద ఊళ్ళలో రిటైరయ్యే కెప్టెన్ విమానం మీద ఫైరింజన్లు రెండు వైపుల నుంచీ నీళ్ళు చల్లి గౌరవిస్తారు. ఇక్కడ ఫైరింజను ఆ పనికి ఇవ్వడం కుదరదన్నారు. అందుకని ఆయన నాదస్వరం పెట్టించాడు. ఎవరూ వేలెత్తి చూపకూడదని అనుమతులన్నీ తీసుకున్నాడు. నాదస్వరం వాయించే ఇద్దరూ, డోలు అతనూ పట్టుపంచెల మీద పసుపు జాకెట్లు వేసుకుని, మెడల్లో పాసులతో నిలబడ్డారు. వాళ్ళ పక్కన జనార్దనం సార్ భార్య కమలమ్మత్త, కంచిపట్టు చీర మీద అదే పసుపు జాకెట్టు, చేతిలో హారతి పళ్ళెం. కర్పూరం వెలిగించడానికి ఒప్పుకోలేదు కాబట్టి వెలిగించని కర్పూరం. పక్కన ఇద్దరు ముగ్గురి చేతుల్లో పూలరేకుల తట్టలు. అన్నీ నియమం ప్రకారమే ఉన్నాయి. నిలబెట్టిన చోటు ఒక్కటే తేడా. కాక్‌పిట్ ముందుకు రాగానే ఫొటో బాగా పడాలని, నా తోక ఊడ్చుకుంటూ పోయే దారి పక్కనే నిలబెట్టాడు. తుండు జెండాలా లేచే చోట.

మార్షలర్ రెండు చేతులూ ఊపి రమ్మంటున్నాడు. ఆయన మొహం కూడా పండగలా ఉంది. వెళ్ళిపోతే పూచీ ఆయనది, కాగితం మీద. ఆగిపోతే ఆలస్యం నాది, పరీక్షలో అదీ లెక్కే. పైగా ముప్పై ఏళ్ళు ఎగిరిన మనిషికి ఊరు చేసే మర్యాదను, ఆయన శిష్యుడే మధ్యలో ఆపినట్టు. పవర్ కాస్త తగ్గించి తిప్పితే ఏమవుతుంది అని కూడా ఒక క్షణం అనుకున్నాను. మలుపు సగంలో ఆగిపోతే ఏమవుతుందో వెంటనే గుర్తొచ్చింది. కుడి పక్కకు చూశాను. ఆయన తన భార్య వైపే చూస్తున్నారు. చేతులు తొడల కింద ఉన్నాయి. భుజాలు బిగుసుకుని ఉన్నాయి, చేతులు మాత్రం బయటికి రాలేదు.

మలుపుకు ముందే ఆపేశాను. ప్రొపెల్లర్లు రెండింటినీ ఫెదర్‌లో పెట్టాను. అంటే రెక్కలు తిరుగుతూనే ఉంటాయి గానీ గాలికి అంచు చూపించి నిలబడతాయి, దేన్నీ తోయవు. అప్పటిదాకా ఉన్న హోరు చటుక్కున తగ్గి, సన్నటి ఈల మిగిలింది. చప్పుడు తగ్గడం చూసి నాదస్వరం వాళ్ళు అది తమ కోసమేననుకుని ఎత్తుకున్నారు. కంపెనీ రేడియోలో గుణశేఖరన్‌ని పిలిచాను. రేడియో ఆయన నడుముకు ఉంది, రెండు చేతులూ ఫోనులో వీడియో తీయడంలో ఉన్నాయి. టవర్‌కి చెప్పాను. టవర్ ఆయన ఫోనుకే ఫోను చేసింది. వీడియో పాడవుతుందని ఆయన కట్ చేశాడు. ఇక ప్రయాణికులకు మైకులో చెప్పాల్సి వచ్చింది: "ముందు కొందరు సంగీత విద్వాంసులు ఉన్నారు. వారు కాస్త పక్కకు జరిగాక మనం బయలుదేరుతాం." ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను చేసిన ప్రకటనల్లో ప్రయాణికులు శ్రద్ధగా విన్నది అదొక్కటే.

కీర్తన ఒకటి పూర్తిగా అయింది. మార్షలర్ చేతులు నొప్పి పుట్టి కిందికి దించాడు. చివరికి సెక్యూరిటీ అతనొకరు పరిగెత్తుకొచ్చి గుణశేఖరన్ చెవిలో చెప్పాడు. ఆయన విమానం వైపు చూశాడు, తోక వైపు చూశాడు, పళ్ళెం పట్టుకున్న కమలమ్మత్త వైపు చూశాడు. ఫోను జేబులో పెట్టుకుని అందర్నీ తానే తోలుకుని టీ తాగే చోటుకు తీసుకెళ్ళాడు. అప్పుడు ఫెదర్ తీసి, కదలడానికి చాలినంత పవర్ ఇచ్చి, కదలగానే తీసేసి, తేరు తిప్పినట్టు తిప్పాను. గీత మీద ఆగి ఇంజన్లు ఆపాక చూసుకుంటే, బాగా ఆలస్యమైంది. జనార్దనం సార్ చేతులు బయటికి తీసుకుని, వేళ్ళు విదిలించుకున్నారు.

"సార్, ఆలస్యం..."

"సంగీతం బాగుండింది," అన్నారు, సీటు బెల్టు తీసుకుంటూ. పాసో ఫెయిలో తెలియకుండా మెట్ల పైన నిలబడి నేను కింద జరిగేది చూశాను.

కమలమ్మత్త ఎదురొచ్చి హారతి తిప్పింది. తిప్పాక పళ్ళెం ఆయన కళ్ళ ముందు పెట్టింది. "ఏందండీ ఇది? ఫ్యాను విమానం, చీర పట్టుకోండి, కొంగు పట్టుకోండి అని అందరూ నన్ను బెదిరిస్తిరి. పళ్ళెంలో కుంకుమ కూడా కదల్లేదే. ఇంజను ఆపేసి తోసుకుని వస్తిరా?"

ఆయన వంగి పళ్ళెంలోకి చూశారు. ఈలోగా గుణశేఖరన్ ఆయన భుజాల మీద జరీ శాలువా కప్పాడు, పూలరేకులు చల్లారు, నాదస్వరం మళ్ళీ ఎత్తుకుంది. ఆయన శాలువా తీశారు. దాని రెండు కొనలూ రెండు చేతులతో పట్టుకుని, విమానం వైపు, అంటే మెట్ల మీద ఉన్న నా వైపు, నిలువుగా ఎత్తి చూపించారు. శాలువా చిన్న కదలిక కూడా లేకుండా తిన్నగా కిందికి వాలి ఉంది. ఆయన మీసం మాత్రం కదిలింది.

శాలువా బాగా కనబడాలని చూపిస్తున్నారనుకుని అందరూ ఫొటోలు తీసుకున్నారు. ఆ ఫొటో ఇప్పటికీ మా స్టేషన్ ఆఫీసులో గోడ మీద ఉంది. కింద "వీడ్కోలు సభ" అని ఉంది. నాకది నా కెప్టెన్ సర్టిఫికెట్టు. ఇంటికెళ్ళి విజయకు చెబితే, "శాలువా ఊపకపోతే పాసా? మీ పైలట్ల ఉద్యోగం నాకు ఎప్పటికీ అర్థం కాదు" అంది. మా పాప ఆ వారంలోనే గోడ పట్టుకుని లేచి నిలబడింది. నేనే ముందు నడిచాను; ఇంట్లో ఇంకా ఆ మాట చెప్పుకుంటూనే ఉన్నాను.

ఇప్పుడు నేనూ నేర్పుతున్నాను. నా బ్యాగులో ఒక తుండు ఉంటుంది. ఇంట్లో కోపమొచ్చి గది దాటేటప్పుడు తలుపు వేసే ముందు వెనక్కి చూస్తాను. అప్పుడప్పుడూ ఆ చూపుతోనే కోపం సగం దిగుతుంది, ఎందుకంటే వెనకాల మా పాప నవ్వుతూ ఉంటుంది. బస్సెక్కితే చివరి వరసే. పోయిన వారం హరిణి అనే అమ్మాయి ఎడమ సీట్లో కూర్చుని మా ఏప్రన్ మీదికి విమానం తీసుకొచ్చింది. మలుపుకు ముందు ఆగిపోయింది. నేను కూర్చున్న కుడి వైపు నుంచి నాకేమీ కనబడలేదు. మార్షలర్ రమ్మంటున్నాడు. ఎందుకు ఆగావని అడగబోయి నోరు మూసుకున్నాను. కాసేపటికి సామాను బండి చాటు నుంచి ఒకతను లేచాడు, జారిపోయిన చెప్పు సరిచేసుకుని, మమ్మల్ని చూడకుండానే నడుచుకుంటూ టీ తాగే చోటుకు వెళ్ళిపోయాడు. హరిణి అప్పుడు విమానాన్ని కదిలించి, మెల్లగా తిప్పింది.

దిగాక అరచేతులు తొడల కింది నుంచి తీసి చూసుకున్నాను. గళ్ళు అంత లోతుగా ఏమీ లేవు.